ఆర్డెల్ హాఫెన్ పందుల ఉపవాసం

ఆర్డెల్ హాఫెన్ యాభై ఏడో ఏట గవర్నమెంటు పందుల పెంట ఎత్తే పనిలో చేరాడు. అంతకుముందు పట్టుకున్న పనులన్నీ చేతిలోనే చచ్చాయి. గొర్రెల్ని పెంచితే అవి కొండ మీద ఏదో పిచ్చిమొక్క మేసి ఒక్క మధ్యాహ్నంలో నూట పది పడిపోయాయి. కర్బూజా వేస్తే ఊరందరి కాయలూ అమ్ముడుపోయిన వారానికి అతనివి పండాయి. తేనెటీగల పెట్టెలు పెడితే ఈగలు పక్క పొలం వాడి పెట్టెల్లోకి కాపురం మార్చేశాయి. ఆ పక్క పొలం వాడు క్రిస్మస్‌కి ఒక సీసా తేనె పంపించి, "మీ వాళ్ళు చేసిందే" అని చీటీ కూడా అంటించాడు.

పందుల దగ్గర మాత్రం అతనికి కలిసొచ్చింది. కొలంబియా నది వంపులో, సేజ్ అనే ఎడారి పొదలు తప్ప ఇంకేదీ బతకని ఇసుక నేలలో, ముళ్ళకంచె వెనక ఉండేది ఆ ఫారం. బాంబుల్లోకి వెళ్ళే ప్లుటోనియాన్ని అక్కడికి కొన్ని మైళ్ళ అవతల వండేవారు. ఆ లోహం పొరపాటున అన్నంలో పడితే మనిషి ఒంట్లో ఎంత ఉండిపోతుంది, ఎంత బయటికి పోతుంది అన్నది గవర్నమెంటుకి పట్టుకున్న బెంగ. మనిషికి పెట్టి చూడలేరు కాబట్టి పందికి పెట్టారు. అన్ని జంతువుల్లోకీ పంది పేగే మనిషి పేగుకి దగ్గర చుట్టమని డాక్టర్లు తేల్చారు. ఈ మాట విని చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరూ నొచ్చుకోలేదు.

పని పద్ధతి తేలిక. కుక్క సైజులో ఉండే తెల్ల పందులు, ప్రత్యేకంగా పెంచిన జాతి. ప్రతి సోమవారం పొద్దున మూడు పందుల్ని బోనుల్లోకి ఎక్కించేవారు. గోరంత ఆపిల్ గుజ్జులో కంటికి కనబడనంత ప్లుటోనియం పెట్టి తినిపించేవారు. బోను అడుగున రెండు పళ్ళేలు ఉండేవి, ఒకటి పెంటకి, ఒకటి ఉచ్చకి. వారం రోజుల పాటు పంది వెనకనుంచి వచ్చింది వచ్చినట్టు, ఒక్క చుక్క పోకుండా, ఎత్తి, తూచి, డబ్బాలో పెట్టి మూత బిగించాలి. ఎనిమిదో రోజున పందిని చంపి కాలేయం, ఎముకలు తీసి మిషన్ కింద పెట్టి ఎంత అంటుకుందో చూస్తారు. పళ్ళెం ఒలికిందా, వారం పని గంగలో కలిసినట్టే.

ఆర్డెల్ చేతిలో ఒక్క పళ్ళెం ఒలకలేదు. అతను తలుపు తీస్తే పందులు తన్నవు, అరవవు. అదే పని చేసే పాతికేళ్ళ డ్వేన్ లోపలికొస్తే బోనులు దడదడలాడేవి. "ఏం మంత్రం వేస్తావు పెద్దాయనా?" అని డ్వేన్ అడిగితే, "తొందరపడను, అంతే" అనేవాడు ఆర్డెల్. ఈ పరీక్షలు నడిపే డాక్టర్ విన్‌స్లో ఒకసారి కారిడార్‌లో ఆగి, "మీరు లేకపోతే నాకు చాలా కష్టం, ఆర్డెల్" అన్నాడు. యాభై ఏడేళ్ళలో ఆ మాట అతనితో ఎవరూ అనలేదు. పెళ్ళాం నెల్డా కూడా అనలేదు, ఆవిడ అబద్ధాలాడదు కాబట్టి.

ఇక ఉపవాసం సంగతి. ఆర్డెల్ మార్మన్ అనే క్రైస్తవ శాఖ మనిషి. వాళ్ళలో నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు పస్తుండి, ఆ రెండు పూటల తిండీ పేదవాళ్ళకి కానుకగా ఇస్తారు. అందరూ చేసేది అంతవరకే. హాఫెన్ల ఇంట్లో మాత్రం ఒక మెట్టు ఎక్కువ. ఆర్డెల్ తాత హైరమ్ యూటాలో గుర్రాల చేత, కోళ్ళ చేత కూడా ఉపవాసం చేయించేవాడు. "యోనా ప్రవక్త వచ్చి చెప్పినప్పుడు నీనెవె పట్టణంలో పశువులు కూడా మేత ముట్టలేదు. బైబిల్లో ఉంది, నా మాట కాదు" అనేవాడు. ఆర్డెల్‌కి అది మతంగా ఎక్కలేదు, అలవాటుగా ఎక్కింది. తనింట్లో ఆవులున్నంత కాలం వాటికి మొదటి ఆదివారం దాణా లేదు. పిల్లికి కూడా లేదు. పిల్లి మాత్రం ఆ రోజు పొరుగింటికి పోయేది.

ఫారంలో ఆదివారం డ్యూటీకి ఎవరూ ముందుకు రాలేదు. డ్వేన్‌కి చేపలు, మిగతావాళ్ళకి నిద్ర. ఆర్డెల్ ఒప్పుకున్నాడు. బిషప్ కూడా సరే అన్నాడు. ఆకలిగా ఉన్న జంతువుకి మేత వెయ్యడం విశ్రాంతి దినాన్ని చెడగొట్టడం కాదని తీర్పు చెప్పాడు. ఆదివారం పొద్దున్నే వెళ్ళి రోజంతటి మేత ఒకేసారి తొట్లలో పోసి, పెంట ఎత్తి, గుడి వేళకి వచ్చెయ్యాలి. నెలలో మూడు ఆదివారాలు అలాగే చేసేవాడు. మొదటి ఆదివారం మాత్రం బోనుల్లో ఉన్నవాటికి మేత వేసి, పెద్ద దొడ్లో సోమవారం కోసం ఎదురుచూస్తున్న వాటికి నీళ్ళు మాత్రం పోసేవాడు. వాటి మధ్య బకెట్ బోర్లించుకుని కూర్చుని, తల వంచి రెండు నిమిషాలు ప్రార్థన చేసి, గంటసేపు ఊరికే ఉండేవాడు. తన కడుపులోనూ ఎలకలు పరుగెత్తుతుండేవి.

అంటే ఆ పందులు శనివారం సాయంత్రం తిని, మళ్ళీ సోమవారం పొద్దున ప్లుటోనియం కలిపిన ఆపిల్ గుజ్జుతోనే పారణ చేసేవన్నమాట. మార్మన్ల కన్నా కఠినంగా ఉండేవి.

ఇందులో దాచింది ఏమీ లేదు. రోజూ నింపాల్సిన కార్డు మీద అచ్చువేసిన ప్రశ్న ఒకటే: "ఈ రోజు కొట్టు నుంచి తీసిన మేత ఎంత?" ఆర్డెల్ "పూర్తిగా" అని రాసేవాడు. తీసేవాడు కూడా. ఎవరు తిన్నారని కార్డు అడగలేదు.

తీసిన ఆ మేత సంచీతో గేటు దగ్గరికొచ్చేవాడు. గేటు దగ్గర రేడియేషన్ కొలిచే కౌంటర్ మిషన్ పట్టుకుని బూట్లూ చేతులూ పరీక్ష చేసే మనిషి రూలన్ క్రోస్‌బీ. వారంలో ఆరు రోజులు అతను కౌంటర్ ఆపరేటర్, ఆదివారం ఆర్డెల్ వాళ్ళ గుడికి బిషప్. కొన్ని ఆదివారాలు రెండూ. గొంతు మాత్రం రెండు చోట్లా ఒకటే. "చెయ్యి చాపు బ్రదర్" అంటే రేడియేషన్ కోసమో పాపం కోసమో చెప్పడం కష్టం.

మొదటిసారి సంచీ చూసి ఆపాడు.

"ఏంటిది బ్రదర్ హాఫెన్?"

"ఉపవాస కానుక, బిషప్."

"ఎవరిది?"

"పందులది."

బిషప్ సంచీకి కౌంటర్ పెట్టాడు. మిషన్ నోరు మెదపలేదు. మేత కొట్టు అసలు ప్లుటోనియం గదుల వైపే ఉండదు.

"మిగిలిందా?"

"మిగిలిందండి."

"మిగిలింది గోతిలో పోసి తగలెయ్యాలని రూలు కదా."

"అవునండి. అదే చూస్తే మనసొప్పలేదు."

బిషప్ సంచీ మూతి ముడి బిగించాడు. "పందులు మన సంఘంలో సభ్యులు కావు. అయినా సిస్టర్ టిబ్బెట్స్ కోళ్ళకి ఆ తేడా తెలీదు. పట్టుకెళ్ళు."

సిస్టర్ టిబ్బెట్స్ మొగుడు పోయిన మనిషి. ముప్పై కోళ్ళు, రెండు పళ్ళు, గొప్ప నోరు. ఎనిమిది నెలల పాటు ఆ కోళ్ళు గవర్నమెంటు తవుడు తిని బలిశాయి.

తొమ్మిదో నెలలో డాక్టర్ విన్‌స్లోకి నిద్ర పట్టడం మానేసింది. అతను తూర్పు నుంచి వచ్చిన కుర్ర డాక్టరు. ఇరవై తొమ్మిదేళ్ళు, పొడుగ్గా, ఎప్పుడూ జేబులో సగం తిన్న బిస్కట్టు. అతని లెక్క ప్రకారం పెద్ద పంది పేగు ప్లుటోనియాన్ని పదివేలల్లో ఒక వంతు కూడా లోపలికి రానివ్వదు. మిగతాదంతా వచ్చిన దారినే పోతుంది. ముప్పై వారాల్లో ప్లుటోనియం తిన్న పందులు ఇదే మాట చెప్పాయి. మిగతా ఎనిమిది వారాల్లో తిన్నవి మాత్రం కాలేయంలో దానికి పది రెట్లు చూపించాయి. ఆ ఎనిమిది వారాలూ నెలలో మొదటి సోమవారంతో మొదలైనవే.

"క్యాలెండర్ చూసి లోహం మింగే పేగు ఎక్కడైనా ఉంటుందా?" అని గోడనడిగాడు డాక్టర్. గోడ జవాబు చెప్పలేదు కానీ పై ఆఫీసు చెప్పింది. ఈ అంకెల మీద ఆధారపడి వేలమంది పనివాళ్ళకి ఎంతవరకు ప్రమాదం లేదో నిర్ణయిస్తున్నాం, మీ పందులు నెలకోసారి పిచ్చెక్కినట్టు ప్రవర్తిస్తున్నాయి, ఆరు వారాల్లో కారణం చెప్పకపోతే పందుల విభాగం మూసేస్తాం, మనుషుల్ని ఇంటికి పంపుతాం. ఉత్తరాన్ని ఫారం మేనేజర్ క్రంప్ భోజనాల గది తలుపు మీద మేకు కొట్టి మరీ పెట్టాడు.

ఆర్డెల్ అది రెండుసార్లు చదివాడు. యాభై ఎనిమిదో ఏడు నడుస్తోంది. గొర్రెలు లేవు, పొలం లేదు, ఈగలు పక్కింట్లో ఉన్నాయి. పందుల దగ్గరనుంచి కూడా పంపేస్తే ఇంక వెళ్ళడానికి చోటు లేదు.

డాక్టర్ వేట మొదలెట్టాడు. ముందు చంద్రుణ్ణి అనుమానించాడు. పౌర్ణమి, అమావాస్య గీసి చూస్తే కుదరలేదు. గాలిని అనుమానించాడు. అక్కడ గాలి నెలకోసారి కాదు, రోజూ వీస్తుంది. నెల మొదట్లో మేత లారీ వస్తుంది కాబట్టి లారీని విప్పించి కడిగించాడు. నెలాఖరున గోడలకి సున్నం వేస్తారు కాబట్టి సున్నం మానిపించాడు. జీతాల రోజు పనివాళ్ళ హుషారు పందులకి అంటుకుంటుందేమోనని ఒక నెల జీతాలు పది రోజులు ఆలస్యం చేయించాడు. ఆ నెల పేగుల సంగతేమో కానీ డ్వేన్ పళ్ళు కొరికిన చప్పుడు నది అవతలికి వినపడింది.

"ఆ డాక్టర్ని బోనులో పెట్టి వారం చూడాలి పెద్దాయనా. ఎంత లోపలికి పోతుందో, ఎంత బయటికొస్తుందో."

"ఊరుకోవయ్యా. చదువుకున్నోడు, దారి తప్పాడు."

"నువ్వు ఏమీ వెయ్యట్లేదు కదా వాటికి? ఏ మార్మన్ టీయో, ఆకో?"

"ఏమీ వెయ్యను" అన్నాడు ఆర్డెల్. అక్షరాలా నిజం.

మూడో వారంలో అబద్ధాలు పట్టే మిషన్‌తో ఒక మనిషి దిగాడు. సూటు, చెమట, బ్రీఫ్‌కేసు. ఆర్డెల్ ఛాతీకి పట్టీ కట్టి, వేళ్ళకి తీగలు చుట్టి, సూది వైపు చూస్తూ అడిగాడు.

"పందుల మేతలో ఎప్పుడైనా ఏమైనా కలిపారా?"

"లేదండి."

"ఎవరైనా కలుపుతుంటే చూశారా?"

"లేదండి."

"ఈ పని విషయంలో బయటివాళ్ళ దగ్గర ఏమైనా తీసుకున్నారా?"

"సిస్టర్ టిబ్బెట్స్ డజను గుడ్లిచ్చింది."

సూది కదల్లేదు. ఆ మనిషి ముందుకి వంగాడు.

"ఎవరీ టిబ్బెట్స్? రష్యాతో సంబంధాలున్నాయా?"

"ఆవిడది పక్క రాష్ట్రం అండి, ఐడహో."

"మందు వేసిన తర్వాత పందులకి ఏమైనా తినిపించారా? ముందు ఏమైనా తినిపించారా?"

"రూలు ప్రకారం పెట్టింది తప్ప ఇంకేం పెట్టలేదండి. ముందు మాత్రం బొత్తిగా ఏం పెట్టలేదు."

మిషన్ మనిషి "నిజాయితీపరుడు" అని రాసుకుని వెళ్ళిపోయాడు. ప్రపంచమంతా ఆర్డెల్‌ని ఏం పెట్టావనే అడిగింది. ఏం పెట్టకుండా ఆపావని అడిగినవాడు ఒక్కడూ లేడు. అతనికీ తట్టలేదు. ఎందుకంటే ఆర్డెల్ దృష్టిలో ఉపవాసం అనేది చేసే పని కాదు. మొదటి ఆదివారం అంటే అంతే, మంచు పడ్డట్టు.

నాలుగో వారం గురువారం మధ్యాహ్నం డాక్టర్ పందుల కొట్టంలోకి వచ్చి, ఆర్డెల్ బోర్లించిన బకెట్ మీద తనే కూలబడ్డాడు. చేతిలో చివరి ఆపిల్ గుజ్జు డబ్బా, చెంచా. తింటున్నాడు.

"అయిపోయింది ఆర్డెల్. పదకొండు సిద్ధాంతాలు చచ్చిపోయాయి."

ఆర్డెల్ బోను అడుగునుంచి ఉచ్చ పళ్ళెం మెల్లగా బయటికి లాగుతూ, "అసలు ఆ లోహం లోపలికి ఎలా పోతుందండీ?" అని అడిగాడు. ఇన్నాళ్ళూ దాన్ని ఎత్తి పోశాడు కానీ ఎప్పుడూ అడగలేదు.

డాక్టర్‌కి ప్రాణం లేచొచ్చింది. అడిగేవాడు దొరికితే అతనికి అన్నం అక్కర్లేదు.

"పేగు గోడని గేటు అనుకోండి. దానికి తెలిసినవాళ్ళనే లోపలికి రానిస్తుంది. కాల్షియం తెలుసు, ఇనుము తెలుసు. స్ట్రాన్షియం వచ్చి, నేను కాల్షియం తమ్ముణ్ణి అంటే, సరే రా అని ఎముకల దాకా పంపిస్తుంది. ప్లుటోనియం ఇనుము వేషం వేస్తుంది. కానీ ఆ వేషం నప్పదు. పైగా కడుపులో తవుడు, గడ్డి, పీచు ఉంటాయి కదా, దారిలోనే దాన్ని పట్టుకుని ఈడ్చుకుపోతాయి. గేటు దాకా రానివ్వవు. అందుకే వెనకనుంచి పోతుంది."

"మరి పసి పందులో?"

"వాటి గేటు ఇంకా కట్టలేదు. పాల కోసం బార్లా తీసి ఉంటుంది. ఏదొస్తే అది పోతుంది. పెద్దవాటికి అలా కాదు. పెద్ద పందిలో పది రెట్లు పోవాలంటే..." డాక్టర్ చెంచా నాకాడు. "కడుపు ఖాళీగా ఉండాలి. పూర్తిగా ఖాళీ. ఒక రోజు పైన పస్తుంటే పట్టుకోడానికి తవుడు ఉండదు, గోడ కూడా ఆకలి మీద ఉంటుంది. కానీ ఆ దారి మనకి లేదు. మీ కార్డులు నేను వరసగా చూశాను. ప్రతి ఆదివారం పూర్తి మేత. ఇంత శుభ్రంగా కార్డు రాసేవాళ్ళని నేను చూడలేదు."

ఆర్డెల్ చేతిలో పళ్ళెం ఒలికింది. పనిలో చేరాక మొదటిసారి.

సాయంత్రం ఇంట్లో నెల్డా బంగాళదుంపలు చెక్కు తీస్తోంది. అతను చెప్పింది విని చాకు కింద పెట్టింది.

"అంటే ఆ పందులు పాడవడానికి కారణం నువ్వు."

"పాడవలేదు. ఎక్కువ పీల్చుకున్నాయి."

"గవర్నమెంటు నాలుగు వారాలుగా చంద్రుణ్ణి కూడా వదలకుండా వెతుకుతోంది. కారణం నా వంటింట్లో కూర్చుని నా దుంపలు తింటోంది."

"నాకు తెలీదు నెల్డా."

"తెలీదు. గొర్రెలప్పుడూ తెలీదు." మళ్ళీ చాకు తీసుకుంది. "ఇప్పుడు చెప్తే ఏమవుతుంది?"

"మేత బయటికి తెచ్చినందుకు తీసేస్తారు."

"చెప్పకపోతే?"

"రెండు వారాల్లో అందర్నీ తీసేస్తారు."

"మరి ఆలోచించడానికి ఏముందయ్యా? నీ ఒక్కడి ఉద్యోగం పోవడమా, డ్వేన్ ఉద్యోగంతో కలిపి పోవడమా. పొద్దున్నే వెళ్ళు. బిషప్‌కి కూడా చెప్పు, పాపం ఆయన ఎనిమిది నెలలుగా దొంగ సొమ్ముకి కౌంటర్ పెట్టి దీవిస్తున్నాడు."

పొద్దున గేటు దగ్గర చెప్తే బిషప్ ముఖం సున్నం కొట్టినట్టయింది.

"మిగిలింది అన్నావు కదా బ్రదర్!"

"మిగిలిందే బిషప్. పెట్టలేదు కాబట్టి మిగిలింది."

"నేను అడగాల్సిన ప్రశ్న అడగలేదు" అన్నాడు బిషప్. కౌంటర్ మిషన్ ఆఫ్ చేసి పక్కన పెట్టాడు. "పద. నేనూ వస్తాను."

డాక్టర్ విన్‌స్లో గదిలో మేనేజర్ క్రంప్ కూడా ఉన్నాడు. ఆర్డెల్ టోపీ తీసి, తాత హైరమ్ దగ్గర మొదలుపెట్టి, నీనెవె మీదుగా, సిస్టర్ టిబ్బెట్స్ కోళ్ళ దాకా చెప్పాడు. డాక్టర్ ముఖం మొదట ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. తర్వాత అతను బల్ల ఇవతలికి దూకి ఆర్డెల్‌ని వాటేసుకున్నాడు. జేబులో బిస్కట్టు ఇద్దరి మధ్యా పొడైపోయింది.

"ఉపవాసం! పస్తు! నా ఆఖరి సిద్ధాంతం! బతికింది! బతికే ఉంది!"

"గవర్నమెంటు మేత," అన్నాడు క్రంప్. "ఎనిమిది సంచీలు. కోళ్ళకి. నువ్వు ఇవాళే బయటికి."

"వీల్లేదు" అన్నాడు డాక్టర్. "ఇంకోసారి జరిగితేనే ఇది నిజమని నమ్ముతారు. అదే మనిషి, అదే పద్ధతి, అదే ఆదివారం. ఒక్క వెంట్రుక మార్చినా ఒప్పుకోను. ఈ మనిషి ఇప్పుడు ఉద్యోగి కాదు క్రంప్, ప్రయోగంలో భాగం."

"ప్రయోగం అయిపోయాక?"

"అయిపోయాక మీ ఇష్టం."

అలా ఆర్డెల్ ఉద్యోగం నాలుగు నెలల ఆయుష్షుతో బతికింది. పై ఆఫీసు గడువు పొడిగించింది, కానీ ఒక ఉత్తరం కూడా రాసింది: "ఈ తేడాకి కారణం ఉపవాసమేనని, ప్రార్థన కాదని మీరు ఎలా చెప్పగలరు?" డాక్టర్ ఆ ఉత్తరాన్ని మెచ్చుకున్నాడు. నిజంగానే ఆ తేడా తేల్చాలి.

కాబట్టి మొదటి ఆదివారాల్లో దొడ్డిని గోడ కట్టి రెండు చేశారు. ఒకవైపు మూడు పందులు, ఆర్డెల్ పర్యవేక్షణలో. కాగితం మీద ఇలా ఉంది: "ఉపవాసం. ప్రార్థన రెండు నిమిషాలు, తల వంచి, పందులు చూస్తుండగా. తర్వాత గంట సేపు ఊరికే కూర్చోవాలి." ఇంకోవైపు మూడు పందులు, డ్వేన్ పర్యవేక్షణలో. "ఉపవాసం. ప్రార్థన నిషేధం." చేపలు వదులుకుని రావాల్సివచ్చినందుకు డ్వేన్‌కి ఒళ్ళు మండిపోయింది.

"ఈసారి నేను ప్రార్థన చెయ్యనందుకు జీతమిస్తున్నారు పెద్దాయనా. ఇన్నాళ్ళూ ఊరికే మానేశాను."

పదింటికి గోడ అవతల నుంచి కాగితం చప్పుడు వినిపించింది. డ్వేన్ టిఫిన్ డబ్బా విప్పి హామ్ శాండ్‌విచ్ తింటున్నాడు. పందుల ముందు పంది మాంసం. తినకూడదని కాగితం మీద లేదు. మొదట ఒకటి ముక్కు ఎత్తింది. తర్వాత మూడూ కలిసి ఆకాశం విరిగిపడేలా అరవడం మొదలెట్టాయి. ఒకటి నీళ్ళ తొట్టి బోర్లించింది. ఒకటి కింద పరిచిన గడ్డి మొత్తం తినేసింది. అంటే దాని ఉపవాసం భంగమైంది. మూడోది గోడ సున్నం నాకింది. గోడ ఇవతల ఆర్డెల్ బకెట్ మీద కూర్చుని ఉన్నాడు. అతని కడుపూ ఖాళీ, వాటి కడుపూ ఖాళీ. అవి అతని బూట్ల పక్కన ఒత్తుగా పడుకుని చెవులు కదుపుతున్నాయి. మరుసటి రోజు బోను ఎక్కినప్పుడూ తన్నలేదు. డ్వేన్ వైపువి ఎక్కడమే తన్నుతూ ఎక్కి రెండు పళ్ళేలు విరగ్గొట్టాయి.

నాలుగు నెలలూ ఇదే వరస. చివరికి డాక్టర్ నివేదిక టైపు చేశాడు. పస్తున్న పందుల కాలేయాల్లో పది రెట్లు. ప్రార్థన ఉన్నా, లేకపోయినా అంతే. ఏడో పేజీలో ఒక వాక్యం: "పేగు శోషణ మీద ప్రార్థన ప్రభావం కనబడలేదు."

ఆ పేజీ గేటు దగ్గరికి కూడా చేరింది. బిషప్ దాన్ని మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు.

"దీని గురించి నీకేమనిపిస్తుంది బ్రదర్ హాఫెన్?"

ఆర్డెల్ పరీక్షకి బూటు ముందుకి చాపాడు.

"ఆ పందులు మన శాఖవి కావు బిషప్, మెథడిస్టులై ఉంటాయి."

బిషప్ కౌంటర్‌ని అతని బూట్ల మీద ఆడించాడు. నవ్వు ఆపుకోడానికి నాలుగుసార్లు ఆడించాడు.

మర్నాడు క్రంప్ ఆర్డెల్‌ని పిలిపించాడు. బల్ల మీద ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు కాగితం టైపు చేసి సిద్ధంగా ఉంది. డాక్టర్ కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"ప్రార్థన పని చెయ్యలేదు కాబట్టి నువ్వు అవసరం లేదు," అన్నాడు క్రంప్. "పందిని పస్తు పెట్టడం ఎవడైనా చేస్తాడు. ఏమంటారు డాక్టర్?"

"ఎవరైనా చెయ్యలేరు" అన్నాడు విన్‌స్లో. డ్వేన్ కార్డులు తీసి బల్ల మీద పరిచాడు. "పన్నెండు పందుల్లో తొమ్మిది పాడైపోయాయి. గడ్డి తిన్నవి, సున్నం నాకినవి, పళ్ళేలు విరగ్గొట్టినవి. ప్రార్థన లేని పక్క అంకెలు మూడు పందుల మీద వచ్చాయి, ఆ మూడూ ముసలివి కాబట్టి వచ్చాయి. ఆర్డెల్ వైపు పన్నెండుకి పన్నెండు. పై ఆఫీసు ఇంకో రెండేళ్ళు అడుగుతోంది, నెప్ట్యూనియం, యురేనియం, పసి పందులు, అన్నీ పస్తు మీద. వీటిని పస్తు పెట్టాలంటే వాటితో పాటు పస్తుండే మనిషి కావాలి. నాకు ఒకడే తెలుసు. ఇతన్ని పంపిస్తే నేనూ పోతాను."

"డ్వేన్‌ని శాండ్‌విచ్ మానమంటే పోలా?"

తలుపు దగ్గరనుంచి డ్వేన్ గొంతు వినిపించింది. "ఆదివారమా? మానను."

క్రంప్ కాగితాన్ని సొరుగులో పడేశాడు. చింపలేదు. అలాంటి మనిషి చింపడు. "మేత ఒక్క గింజ బయటికి పోతే ఇది సొరుగులోంచి వస్తుంది. మిగిలింది గోతిలోకే."

"అలాగేనండి" అన్నాడు ఆర్డెల్.

"ఇంకేమైనా చెప్పాలా?"

"ప్రార్థన మానెయ్యాలా అండి?"

క్రంప్ డాక్టర్ వైపు చూశాడు. డాక్టర్ భుజాలెగరేశాడు. "ప్రభావం లేదు. నష్టం కూడా లేదు. కానివ్వండి."

తర్వాతి మొదటి ఆదివారం ఆర్డెల్ మామూలు వేళకే బస్సు దిగాడు. నది మీద నుంచి గాలి ఇసుక తెస్తోంది. దొడ్లో ఆరు కొత్త పందులు. నిన్న సాయంత్రం కడుపు నిండా తిన్నవి, రేపు బోను ఎక్కితే ఆపై సోమవారానికి ఒక్కటీ బతికి ఉండదు. ఆ సంగతి అతనికి తెలుసు, వాటికి తెలీదు. అతను తలుపు తీసి ఖాళీ చేతులతో లోపలికి వచ్చి కూర్చున్నాడు. అవి కాసేపు అతని చేతుల వైపు చూశాయి, వాసన పట్టాయి, ఏమీ లేదని తేల్చుకున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి పడుకున్నాయి.